న్యూక్ (వీఎఫ్‌ఎక్స్ కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్)లో క్రాప్ చేసినా ఫ్రేమ్ సైజ్ మారడం లేదు

ప్రశ్న: అందరికీ నమస్తే. ప్లేట్ (షూట్ చేసిన అసలు ఫుటేజ్) 4096×2160. డెలివరీ స్కోప్ (వెడల్పాటి సినిమా ఫ్రేమ్)లో, అంటే 4096×1716లో అడిగారు. క్రాప్ నోడ్ (ఫ్రేమ్ అంచులు కోసే టూల్) పెట్టి వై (కింది అంచు) 222, టీ (పై అంచు) 1938 ఇచ్చాను. వ్యూయర్‌లో పైనా కిందా నలుపు వచ్చింది గానీ, రెండర్ రాసే రైట్ (Write) నోడ్ నుంచి వచ్చే ఫైలు మాత్రం 2160 ఎత్తులోనే ఉంటోంది. రేపు పొద్దున్నే పంపాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ లెక్క కరెక్టే బ్రదర్. 2160లోంచి 1716 పోతే 444, అందులో సగం 222. అదే నోడ్‌లో ‘రీఫార్మాట్’ అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది, అది ఆన్ చేయండి. న్యూక్‌లో ఫార్మాట్ (మొత్తం ఫ్రేమ్ సైజ్) వేరు, బౌండింగ్ బాక్స్ (అందులో బొమ్మ ఉన్న భాగం) వేరు. ఆ టిక్ లేకపోతే క్రాప్ బౌండింగ్ బాక్స్‌నే కోస్తుంది, ఫార్మాట్ జోలికి పోదు.

అయితే ఈ క్రాప్ స్క్రిప్ట్ (నోడ్‌లన్నీ కలిపిన ఫైలు) మధ్యలో మాత్రం పెట్టకండి. టిక్ పెట్టగానే క్రాప్ బాక్స్ కింది ఎడమ మూల 0, 0 అయిపోతుంది, బొమ్మ మొత్తం 222 పిక్సెళ్లు కిందికి దిగుతుంది. పాత ప్లేట్ మీద చేసిన ట్రాక్ (కదలిక డేటా), రోటో (చేత్తో గీసిన మాస్క్) ఆ తర్వాత కలిపితే సరిగ్గా అంతే తేడాతో పైన కూర్చుంటాయి. రైట్ నోడ్‌కి ముందు పెట్టడమే క్షేమం.

ఇంకొకరు: దీనికి రీఫార్మాట్ నోడే పెట్టుకోవచ్చు కదండీ?

జవాబు: పెట్టుకోవచ్చు, రీసైజ్ టైప్ ‘విడ్త్’లో ఉంటే. ‘ఫిట్’ పెడితే బొమ్మ చిన్నదవుతుంది, ‘డిస్టార్ట్’ నొక్కేస్తుంది. కాకపోతే అది సరిగ్గా మధ్యలోంచే కోస్తుంది. ఫ్రేమింగ్ మార్చమన్నారంటే మళ్లీ క్రాప్ దగ్గరికే రావాలి.

ప్రశ్న అడిగినవారు: వచ్చేసిందండీ, చాలా థ్యాంక్స్! మీరన్నట్టే ఇప్పుడు ఫ్రేమింగ్ మార్చమన్నారు. తల మీద ఖాళీ కాస్త పెంచాలట, పై నుంచి 180 మాత్రమే కోయమని ఎడిటర్ రాశారు. వై 180 ఇస్తే తల ఇంకా తెగుతోంది.

జవాబు: న్యూక్ కింది నుంచి కొలుస్తుంది, ఎడిటర్ పై నుంచి చెప్పారు. కాబట్టి ముందు టీ చూసుకోండి: 2160లోంచి 180 తీస్తే 1980. అందులోంచి 1716 తీస్తే వై 264. రెండూ కలిపే మార్చాలి. ఒక్కటే మారిస్తే ఎత్తు 1716 ఉండదు, క్యూసీ (క్వాలిటీ చెక్)లో వెనక్కి పంపుతారు. రెండర్ అయ్యాక ఆ ఫైలునే రీడ్ (Read) నోడ్‌లో తెరిచి సైజు ఒకసారి చూసుకుని పంపండి.