పేజ్‌మేకర్ ఒక్కటే వచ్చు, మా షాపు వెబ్‌సైట్ నేనే చేసుకోవచ్చా?

తెనాలి_డీటీపీ:
నమస్తే అండీ. తెనాలిలో మాకు చిన్న డీటీపీ షాపుంది. పెళ్ళి కార్డులు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు వేస్తాం. పంతొమ్మిదేళ్ళుగా పేజ్‌మేకర్, కోరల్ డ్రా, ఫొటోషాప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లే, అంతే. కోడింగ్ ఓనమాలు కూడా తెలియవు. ఇప్పుడొచ్చేవాళ్ళంతా "మోడల్స్ లింక్ పంపండి అంకుల్" అంటున్నారు, ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో ముప్పై ఫొటోలు పంపి పంపి విసుగొచ్చింది. ఒకాయన్ని అడిగితే పాతిక వేలు, ఆపైన ఏటా ఎనిమిది వేలు అన్నాడు.

సరే నేనే చూద్దామని కోడింగ్ లేకుండా సైట్ కట్టుకునే ఒక ఫ్రీ సైట్ బిల్డర్ ముందు కూర్చున్నా. పేజ్‌మేకర్‌లో ఉన్న మ్యాటర్ కాపీ చేసి పెడితే తెలుగు బదులు నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు వచ్చాయి. విసుగొచ్చి పేజీ మొత్తం జేపెగ్ చేసి ఎక్కించా. మా ఆవిడ ఫోన్‌లో చూస్తే అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, కుంకుమ రంగు కార్డు ఇంకేదో రంగులో వచ్చింది. అసలు తప్పెక్కడ జరుగుతోంది?

ఒత్తు_దీర్ఘం:
మీరు కొట్టేది అనూ ఫాంట్లలోనే కదండీ? అదే సంగతి. అనూలో మీకు "క" కనిపిస్తుంది కానీ కంప్యూటర్ లోపల ఉన్నది ఏదో ఇంగ్లీషు అక్షరమే, దాని మీద ఆ ఫాంటు తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంటు లేని చోటికి వెళ్తే తొడుగు ఊడిపోతుంది. వెబ్‌కి యూనికోడ్ కావాలి, అందులో తెలుగు అక్షరాలకి సొంత నంబర్లున్నాయి కాబట్టి ఏ ఫోన్‌లోనైనా తెలుగే కనిపిస్తుంది. అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, అయితే ఒత్తుల దగ్గర, వట్రసుడి దగ్గర దెబ్బతింటాయి, మార్చాక ప్రూఫ్ చూడాల్సిందే. మీ షాపుకి కావలసిన మ్యాటర్ మహా అయితే రెండు పేరాలు, ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో మళ్ళీ కొట్టేసుకుంటేనే హాయి.

ఫాంటు అందం గురించి బెంగ వద్దు. రామభద్ర, మండలి, మల్లన్న, సురన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. శీర్షికకి రామభద్ర లావుగా బాగుంటుంది, లోపలి మ్యాటర్‌కి మాత్రం వాడకండి, కళ్ళు లాగుతాయి.

కరీంనగర్_కుర్రాడు:
అన్నా, ఆ రంగు సంగతి నేను చెప్తా. కోరల్‌లో ప్రింటు కోసం సీఎంవైకేలో (ప్రింటు సిరాల రంగుల లెక్క) పెట్టుకుని అట్లనే ఎక్స్‌పోర్ట్ చేసి ఉంటారు. తెర మీదకి ఆర్‌జీబీ (తెర వెలుగు రంగుల లెక్క) కావాలి. మోడ్ మార్చి మళ్ళీ సేవ్ చేయండి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్క కూడా ఇక్కడ మర్చిపోండి, తెరకి పిక్సెళ్ళే లెక్క. ఒక్కో కార్డు 1200 పిక్సెళ్ళ వెడల్పు చాలు. ఒరిజినల్ సైజు నాలుగు ఎంబీ ఉంటే, అరవై కార్డులు పెడితే 240 ఎంబీ, సిగ్నల్ సరిగా లేని ఊళ్ళో మీ పేజీ తెరిచినోడు టీ తాగొచ్చినా సగం కూడా రాదు. స్క్వూష్ అనే సైట్‌లో వేస్తే బాగా తగ్గిపోతుంది, ఫ్రీ.

ఇంకో ముఖ్యమైన మాట. మీకు ఏ4 అలవాటు కదా, ఆ అలవాటే అడ్డం. ఫోన్, ట్యాబ్, కంప్యూటర్ ఒక్కోటి ఒక్కో వెడల్పు, మ్యాటర్ నీళ్ళ లాగా దాని గిన్నె సైజుకి సర్దుకోవాలి. బొమ్మ చేసి పెడితే సర్దుకోదు, అందులోని అక్షరాలు గూగుల్‌కి కూడా సరిగా అందవు, "తెనాలి పెళ్ళి కార్డులు" అని ఎవరైనా వెతికితే మీరు దొరకరు. మీ అవసరానికి గూగుల్ సైట్స్ చాలు, జీమెయిల్ ఉంటే చాలు, బొమ్మలు లాగి పెట్టుడే. సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ కూడా మంచిదే కానీ సొంత హోస్టింగ్‌లో (అద్దెకి తీసుకున్న సర్వర్‌లో) పెడితే అప్‌డేట్లు, ప్లగిన్లు (అదనంగా తగిలించే ముక్కలు) అని రోజూ ఒక పని, ఇప్పుడే ఆ టెన్షన్ వద్దు.

పద్మ_ఖమ్మం:
చేయించినా, చేసుకున్నా డొమైన్ (అంటే సైట్ అడ్రసు పేరు) మాత్రం మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో మీరే కొనండి. మా బొటిక్‌కి ఒకతను తన పేరు మీద కొన్నాడు, రెండో ఏడు ఫోన్ ఎత్తలేదు, పేరు పోయింది, విజిటింగ్ కార్డులన్నీ మళ్ళీ వేయించాం (మీలాంటి వాళ్ళకే లాభం లెండి). కొనేటప్పుడు మొదటి ఏడాది ఆఫర్ ధర కాదు, రెన్యువల్ ధర చూడండి, రెండింటికీ పొంతన ఉండదు. సైట్ కంటే ముందు గూగుల్ మ్యాప్‌లో షాపు ఎక్కించండి, డబ్బులు తీసుకోరు, మాకు సగం మంది దాని వల్లే వస్తున్నారు.

తెనాలి_డీటీపీ:
అందరికీ దండాలు. రాత్రి కూర్చుని గూగుల్ సైట్స్‌లో ఒక పేజీ లేపా, తెలుగు తెలుగులాగే వచ్చింది, ఎరుపు ఎరుపులాగే ఉంది! వాట్సాప్ బటన్ ఒక్కటి పని చేయట్లేదు. నొక్కితే నంబరు తప్పు అంటోంది.

కరీంనగర్_కుర్రాడు:
నంబరు ముందు సున్నా పెట్టిన్రా అన్నా? లింకులో డబ్ల్యూఏ డాట్ ఎంఈ (wa.me) తర్వాత ఏటవాలు గీత (/), 91, ఆ వెంటనే పది అంకెలు. ప్లస్సు, సున్నా, ఖాళీ ఏదీ ఉండొద్దు.

పద్మ_ఖమ్మం:
ఒక్కటి అడగనా? మీరు పెట్టిన మోడల్స్ నిజం కార్డులేనా? వాటి మీద పెళ్ళివాళ్ళ పేర్లు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు ఉంటాయిగా.

తెనాలి_డీటీపీ:
అయ్యో, ఆ సంగతే తట్టలేదమ్మా. సున్నా తీసేశా, బటన్ పని చేస్తోంది. కార్డులన్నీ ఇప్పుడే దించేశా. "చి.ల.సౌ. సీత, చి. రాముడు" అని వేసి అన్నీ మళ్ళీ సెట్ చేస్తా, అరవై కార్డులంటే వారం పడుతుంది.