కొండల్లో వారం రోజులు, ఒంటరి ప్రయాణం: హాస్టల్ బస గురించి, ఏ రోజు ఏం చేయాలన్నదాని గురించి సలహా కావాలి

తొలిబాటసారి అడిగిన ప్రశ్న:

నమస్కారం. వచ్చే నెలలో వారం రోజులు సెలవు పెట్టి, వీపున ఒక్క సంచితో ఒంటరిగా కొండల్లోకి వెళ్దామనుకుంటున్నాను. సముద్రమట్టానికి సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉన్న హాస్టల్లో, ఎనిమిది పడకల డార్మిటరీలో నా బస. 3,800 మీటర్ల శిఖరం ఒకటి ఎక్కి అదే రోజు దిగి రావాలని, లోయలోని నదిలో రాఫ్టింగ్ చేయాలని, వీలైతే తాడు సాయంతో బండ ఎక్కడం నేర్చుకోవాలని కోరిక. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే పెద్ద పని ముగించేద్దామని శిఖరాన్ని రెండో రోజుకే పెట్టుకున్నాను. రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తే అలవాటు ఉంది కనుక ఆయాసం గురించి భయం లేదు. ముక్కూమొహం తెలియని ఏడుగురితో ఒకే గదిలో పడుకున్న అనుభవం మాత్రం లేదు. ఈ క్రమం సరైనదేనా? డార్మిటరీలో ఎలా మెలగాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మెట్టదారి:

తొలిబాటసారి గారూ, మీ ఆలోచనలో నేను గట్టిగా కాదనేది ఒక్కటే, శిఖరాన్ని రెండో రోజున పెట్టుకోవడం. దాన్ని ఐదో రోజుకు జరపండి.

గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే గానీ, ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పీడనం పడిపోతుంది కనుక ఒక్కో శ్వాసలో మనకు అందేది తగ్గుతుంది. మీ హాస్టల్ ఉన్న ఎత్తులో పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులకు కాస్త తక్కువ. ఆ శిఖరం మీద మూడింట రెండు వంతులు కూడా ఉండదు. శరీరం దీనికి అలవాటు పడడానికి రోజులు పడుతుంది. పరుగు వల్ల వచ్చిన దమ్ము ఇందులో మిమ్మల్ని కాపాడదు. నిజానికి బాగా పరుగెత్తగలిగినవారే వేగంగా ఎక్కేసి ఎక్కువ ఇబ్బంది పడడం నేను చూశాను.

తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, అకారణమైన నీరసం వంటి లక్షణాలు సాధారణంగా పైకి చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతాయి. అంటే మీ విషయంలో అవి మొదటి రాత్రి కనిపించవచ్చు, మీరేమో మర్నాడు తెల్లవారకముందే ఇంకా పైకి బయలుదేరుతారు. ఆ లక్షణాలు ఉన్నప్పుడు పైకి వెళ్లకూడదు. విశ్రాంతితో తగ్గకపోతే కిందికి దిగాలి. అడుగు తడబడినా, మాట తేడాగా వచ్చినా, కూర్చున్నా ఆయాసం తీరకపోయినా ఒక్క గంట కూడా ఆగకుండా, ఎవరినైనా తోడు తీసుకుని వెంటనే దిగిపోవాలి. మందుల సంగతి బయలుదేరే ముందే వైద్యుడితో మాట్లాడుకోండి.

కనుక మొదటి రెండు రోజులు హాస్టల్ చుట్టుపక్కల తేలికగా నడవండి. మూడో రోజు లోయలోకి దిగి రాఫ్టింగ్ చేయండి. నాలుగో రోజు 3,200 మీటర్ల దాకా ఎక్కి, కాసేపు కూర్చుని, పడుకోవడానికి కిందికి వచ్చేయండి. శిఖరం తర్వాత ఒక రోజు ఖాళీగా ఉంచితే వాతావరణం అనుకూలించనప్పుడు దాన్ని వాడుకోవచ్చు, అనుకూలిస్తే ఆ రోజు బండ ఎక్కవచ్చు.

నడకపిచ్చి:

మెట్టదారి గారు చెప్పిన క్రమమే సరైనది. నేను డార్మిటరీ గురించి చెబుతాను.

నిద్ర పాడుచేసేది గురక అనుకుంటారు. దానికి ఇయర్‌ప్లగ్గులు చాలు. అసలు బాధ తెల్లవారుజామున నాలుగు గంటలకు, శిఖరానికి వెళ్లేవారెవరో చీకట్లో సంచి అడుగున ఉన్న ప్లాస్టిక్ కవరు లాగినప్పుడు మొదలవుతుంది. ఆ గరగరకు గది మొత్తం మేలుకుంటుంది. ఆపైన హెడ్‌ల్యాంప్ వెలుగు సూటిగా అందరి కళ్లలో పడుతుంది. మీరు కూడా ఒక రోజు ఆ వేళకే లేస్తారు కాబట్టి, బట్టలన్నీ గుడ్డసంచుల్లో సర్దుకోండి, మర్నాటి సామానంతా ముందు రాత్రే తలుపు బయట పెట్టుకోండి, ఎర్రకాంతి ఇచ్చే హెడ్‌ల్యాంప్ కొనుక్కోండి. లాకరుకు తాళం మీదే తీసుకెళ్లండి.

తడిసిన బూట్లను హీటరు మీద పెట్టవద్దు, అడుగుభాగాన్ని అతికించిన జిగురు ఊడిపోతుంది. లోపల వార్తాపత్రిక ఉండలు కుక్కి, రెండు గంటలకొకసారి మారిస్తే తెల్లారేసరికి చాలావరకు ఆరుతాయి.

ఇంకొక మాట. యూత్ హాస్టళ్ల ఆలోచన పుట్టిందే ఒక వాన రాత్రి. 1909లో రిచర్డ్ షిర్మన్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు పిల్లలను నడక యాత్రకు తీసుకెళ్లి, గాలివానలో చిక్కుకుని, ఒక పాఠశాలలో తలదాచుకున్నాడు. దారి పొడవునా ఇటువంటి బసలు ఉంటే ఎంత బాగుంటుందని అప్పుడే అనుకున్నాడు. 1912లో ఆల్టెనా కోటలో శాశ్వతమైన హాస్టల్ తెరుచుకుంది. ఇదెందుకు చెబుతున్నానంటే, హాస్టల్ అంటే తక్కువ ఖర్చులో దొరికే పడక మాత్రమే కాదు. సాయంత్రం వంటగది బల్ల దగ్గర కూర్చోండి. ఆ రోజే శిఖరం నుంచి దిగివచ్చినవారు అక్కడ టీ తాగుతుంటారు. మంచు ఎక్కడ గట్టిపడిందో, ఏ వాగు ఉప్పొంగిందో, పైన నీళ్లు ఎక్కడ దొరుకుతాయో వారికి తెలిసినంత తాజాగా ఏ మ్యాపుకూ తెలియదు. ఒంటరిగా వెళ్లిన మీకు తోడు దొరికేది కూడా ఆ బల్ల దగ్గరే.

గాలివాన:

నేను చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నాను. కొన్నేళ్ల క్రితం ఇలాంటి ఎత్తులోనే, ఉదయం ఎనిమిదింటికి తీరిగ్గా బయలుదేరి, మధ్యాహ్నం ఒంటిగంటకు శిఖరం కింది గట్టు మీద ఉన్నాను. పదింటికి దూదిపింజలా ఉన్న మబ్బు అప్పటికి నల్లని గోపురంలా పెరిగింది. ముందుగా నా చేతికర్ర కొన సన్నగా జుయ్యిమంది, ఆ వెంటనే ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కర్ర పారేసి, గట్టు మీద నుంచి రాళ్లలో జారుతూ కిందికి పరుగెత్తాను. కొద్ది నిమిషాల్లోనే పైన పిడుగు పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ మరిచిపోలేదు.

వేసవిలో కొండల మీద ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే వస్తాయి కాబట్టి, సమయం లెక్క వేసుకునే బయలుదేరాలి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకొక గంట. మీ దారి రానుపోను పన్నెండు కిలోమీటర్లు అనుకుంటే, 1,100 మీటర్ల ఎక్కుడుతో కలిపి సుమారు నాలుగుంపావు గంటలు. పల్చని గాలికి, విశ్రాంతికి దాని మీద ఇంకో సగం కలిపితే ఆరున్నర గంటలు దాకా అవుతుంది. తెల్లవారి ఐదింటికి బయలుదేరితే మధ్యాహ్నం పన్నెండు లోపు దిగి వచ్చేస్తారు. పది గంటలకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలని ముందే నిర్ణయించుకోండి, శిఖరం కళ్లెదుట కనిపిస్తున్నా సరే.

వెళ్లే దారిని, తిరిగొచ్చే సమయాన్ని హాస్టల్ రిజిస్టరులో రాసి, కౌంటరులో ఉన్నవారికి నోటితో కూడా చెప్పండి. మెడలో ఈల ఉంచుకోండి. నిమిషంలో ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరు సార్లు ఊదితే ఆపదలో ఉన్నామని అర్థం. నిమిషానికి మూడు ఈలలు బదులుగా వినిపిస్తే మీ పిలుపు ఎవరికో అందినట్టే.

తొలిబాటసారి:

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. శిఖరాన్ని ఐదో రోజుకు మార్చుకున్నాను. చిన్న సందేహం మిగిలింది: రాఫ్టింగులో నీటిలో పడిపోతే ఏం చేయాలి? ఈత అంతంతమాత్రంగానే వచ్చు.

మెట్టదారి:

ఆ సంగతి నిర్వాహకులకు ముందే చెప్పండి. ప్రవాహాల ఉధృతికి ఒకటి నుంచి ఆరు వరకు తరగతులు ఉంటాయి. మీకు రెండు, మహా అయితే మూడు చాలు. లైఫ్‌జాకెట్ భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. పడిపోతే వెల్లకిలా తిరిగి, పాదాలను ప్రవాహం దిశగా నీటి పైకి ఎత్తి ఉంచండి. లోతు మోకాలి దాకానే కనిపించినా వడి ఉన్నచోట నిలబడే ప్రయత్నం చేయవద్దు, పాదం రాళ్ల సందున ఇరుక్కుంటే నీరు మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. పడవ నుంచి తాడు విసిరితే తాడును పట్టుకోండి, చేతికి మాత్రం చుట్టుకోకండి.