చీర ఉయ్యాల లేనిదే నిద్రపోని 14 నెలల పాపతో అరకు ప్రయాణం – రాత్రుళ్లు ఎలా?

కూకట్‌పల్లి_అమ్మ:

అందరికీ నమస్తే. డిసెంబర్ మూడో వారంలో మేమిద్దరం, పిల్లలిద్దరూ, మా అత్తయ్యగారు కలిసి విశాఖ, అరకు వెళ్తున్నాం. రానూపోనూ రాత్రి బండి, థర్డ్ ఏసీ. విశాఖలో బీచ్ ఎదురుగా ఉన్న హోటల్లో రెండు రాత్రులు, అరకులో రెండు రాత్రులు. ఇంకా టికెట్లు తీయలేదు, ప్రయాణానికి మూడు వారాల టైముంది.

పాపకి 14 నెలలు. పగలైనా రాత్రైనా హాల్లో కొక్కేనికి కట్టిన చీర ఉయ్యాలలోనే పడుకుంటుంది. రాత్రి రెండు మూడుసార్లు లేస్తే మళ్లీ ఊపాలి. బాబుకి నాలుగేళ్లు. నిద్ర బాగానే పోతాడు కానీ కొత్త చోటంటే భయం, పక్క తడిపేస్తాడు కూడా. హోటల్ గదిలో కొక్కెం ఉండదు కదా. మడతపెట్టే ఉయ్యాల స్టాండ్ కొని మోసుకెళ్లాలా? రైల్లో బెర్తులకి చీర కట్టడం చాలామంది చేస్తుంటారు, అది సరైనదేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జోలపాట:

స్టాండ్ కొనకండి. మడిచినా బరువే, ఆటోలో, బెర్తు కింద, ఘాట్ రోడ్డు కారులో దాన్ని సర్దడమే ఒక పని. పైగా అలవాటు అలాగే మిగిలిపోతుంది. మూడు వారాలుందంటున్నారు, అది చాలు.

ఉయ్యాలలో పిల్లల్ని పట్టి ఉంచేవి మూడు: ఊపు, ఒంటిని చుట్టుకున్న చీర, లోపలి చీకటి. చీర, చీకటి మీతో ప్రయాణం చేస్తాయి. ఊపు చేయదు, కాబట్టి ముందు తగ్గించాల్సింది దాన్నే. ఈ వయసు పిల్లలు గంటకోసారి అలా నిద్రలోంచి పైకి తేలి, మళ్లీ మునుగుతారు. కళ్లు మూసుకున్నప్పుడు ఊగుతూ ఉండి, తేలినప్పుడు ఊపు లేకపోతే ఏదో మారిందని పూర్తిగా లేచి ఏడుస్తారు. రాత్రి మళ్లీ మళ్లీ ఊపాల్సి రావడానికి కారణం ఇదే.

మొదటి నాలుగు రోజులు ఉయ్యాలలోనే పడుకోబెట్టండి, కానీ కళ్లు బరువెక్కగానే ఊపు ఆపేయండి. గట్టిగా ఏడిస్తే మళ్లీ కొంచెం ఊపి, మళ్లీ ఆపండి. తర్వాత నాలుగు రోజులు ఊపు అసలు వద్దు. ఉయ్యాల కదలకుండా ఉంటుంది, మీరు చీర బయటినుంచి వీపు మీద జోకొడతారు. జోకొట్టే వేగం పోనుపోను తగ్గించాలి, నిమిషానికి అరవై దెబ్బలతో మొదలుపెడితే చివరికి ఇరవై చాలు. తొమ్మిదో రోజు నుంచి పరుపు నేల మీద వేసి రాత్రి నిద్ర దాని మీదే మొదలుపెట్టండి. పగటి నిద్ర మరో మూడు రోజులు ఉయ్యాలలో ఉన్నా ఫరవాలేదు. రాత్రి నిద్ర వచ్చే ఒత్తిడి ఎక్కువ కాబట్టి మార్పు రాత్రే ముందు కుదురుతుంది, పగటిది ఎప్పుడూ మొండికేస్తుంది.

పరుపు మీద పరచాల్సింది ఆ ఉయ్యాల చీరనే, ఉతక్కుండా. వాసన తెలిసినదే ఉంటుంది. నాలుగు మడతలేసి, అంచులు పరుపు కిందికి గట్టిగా దోపండి, పాప మొహం మీదికి వచ్చేలా వదులుగా ఉండకూడదు. ఇదే చీర రైలెక్కుతుంది, హోటల్‌కీ వస్తుంది. వారం ముందు నుంచి దాన్ని ఉతకొద్దని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి, ఎవరో ఒకరు శుభ్రం పేరుతో మెషిన్లో వేసేస్తారు.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది. మన ఇళ్లలో పిల్లలు సీలింగ్ ఫ్యాన్ చప్పుడులో పెరుగుతారు. డిసెంబర్‌లో అరకులో ఫ్యాన్ వేయరు. ఆ నిశ్శబ్దంలో పక్కగది తలుపు చప్పుడు కూడా బాంబులా వినిపిస్తుంది. మీ ఇంటి ఫ్యాన్ చప్పుడే ఫోన్లో ఒక గంట రికార్డు చేసుకోండి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, పాపకి కనీసం రెండు మీటర్ల దూరంలో, పెద్దవాళ్లు మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగేంత తక్కువ శబ్దంతో వదిలేయండి. తలగడ పక్కన పెట్టొద్దు, చెవులకి మంచిది కాదు.

లోయర్_బెర్త్:

రైలు సంగతి నేను చెబుతాను.

చీర కట్టడం వద్దు. మధ్య బెర్తు గొలుసుకో, పై బెర్తు కమ్మీకో కడితే ముడి నున్నటి ఇనుము మీద జారుతుంది. డ్రైవర్ బ్రేక్ వేస్తే ఉయ్యాల ఊగి, తల వెళ్లి బెర్తు అంచుకి కొట్టుకుంటుంది. 14 నెలల పిల్ల పైగా లేచి కూర్చోగలదు, అంచు పట్టుకుని వంగితే కింద పడేది ఉక్కు నేల మీద. పగలు, మీరు చెయ్యి తీయకుండా ఉన్నా సరే, ఇదొక్కటి మానేయండి.

టికెట్ తీసేటప్పుడే సగం నిద్ర ఖాయమవుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, కానీ బెర్తు కూడా రాదు. బాబుకి పూర్తి చార్జీ పెట్టి బెర్తు తీసుకోండి. లోయర్ బెర్త్ వెడల్పు రెండడుగుల చిల్లర. దాని మీద తల్లి, పాప పట్టడమే కష్టం, నాలుగేళ్లవాడు కూడా చేరితే ముగ్గురికీ జాగారమే. బుకింగ్‌లో కనీసం ఒక లోయర్ బెర్త్ వస్తేనే టికెట్ ఇవ్వమనే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టండి. 45 దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది. మీ అత్తయ్యగారి టికెట్ విడిగా ఆ కోటాలో తీస్తే కింది బెర్తు వచ్చే అవకాశం పెరుగుతుంది, కానీ వేరే బోగీలో పడొచ్చు. అందుకని పిల్లలతో కలిపి తీయడమే నయమని నా అభిప్రాయం.

నియమం ప్రకారం మధ్య బెర్తు ఎత్తుకునేది రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు. పదింటిదాకా కింది సీటు అందరిదీ. గోదావరి లాంటి బండి సాయంత్రం బయల్దేరుతుంది, మీ పిల్లల నిద్ర వేళ ఎనిమిదిన్నర అనుకుందాం. ఒక వైపు మూడు బెర్తులూ మీవే అయితే ఎనిమిదిన్నరకే ఎత్తేసుకోవచ్చు. కాకపోతే బండెక్కగానే ఎదుటివాళ్లతో మాట్లాడండి. పాపని పడుకోబెట్టాలంటే కాదనేవాళ్లు తక్కువ. తొమ్మిదింటికి, అందరూ అన్నం డబ్బాలు తెరిచాక అడిగితే మాత్రం కుదరదు.

పాప గోడవైపు, మీరు అంచువైపు. దుప్పటి ఒకటి చుట్టగా చుట్టి బెర్తు బయటి అంచు పొడవునా పరిచిన చీర కిందికి దోపితే చిన్న గట్టులా ఉంటుంది. బాబుని ఎదురు లోయర్‌లోనో, మిడిల్‌లో పెద్దవాళ్ల లోపలివైపో పడుకోబెట్టండి. పై బెర్తు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఏసీ గాలి కూడా అక్కడే సూటిగా తగులుతుంది. బోగీ చివర్న పడితే తలుపు, టాయిలెట్, లైటు మూడూ కలిసి లేపుతాయి. నంబరు మన చేతిలో ఉండదు కాబట్టి, అలా పడితే కర్టెన్‌లా కట్టుకోవడానికి ముదురు రంగు చున్నీ, నాలుగు బట్టల క్లిప్పులు సంచిలో పైన పెట్టుకోండి.

కూకట్‌పల్లి_అమ్మ:

చాలా థాంక్స్ అండీ. బాబుకి టికెట్ తీస్తాం. హోటల్లో మంచం మీద పడుకోబెట్టాలా, కిందా? అరకులో చలి గురించి కూడా భయంగా ఉంది. ఇంకొకటి, మా అత్తయ్యగారు ప్రయాణంలో జలుబు సిరప్ కొంచెం పడితే హాయిగా నిద్రపోతారంటున్నారు.

కొండగాలి_విశాఖ:

సిరప్ వద్దమ్మా, ముందు అది చెప్పేస్తాను. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని 2023 డిసెంబర్‌లో మన డ్రగ్స్ కంట్రోలరే లేబుల్ మీద రాయించాడు. ప్రోమెథాజైన్ ఉన్నవైతే రెండేళ్ల లోపు పిల్లలకి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. కొందరు పిల్లలు మత్తుకి బదులు తెల్లార్లూ ఇంకా హుషారుగా తిరుగుతారు. పాలలో గసగసాలు నూరి పట్టడం కూడా అంతే, అందులో నల్లమందు జాతి అంశ ఉంటుంది. అత్తయ్యగారు ప్రేమతోనే అంటున్నారు. డాక్టర్ చేత ఒక మాట చెప్పించండి, మీకు మాట రాదు.

విశాఖ గది: హైదరాబాద్ కన్నా అక్కడ సూర్యుడు దాదాపు 20 నిమిషాలు ముందు లేస్తాడు. బీచ్ ఎదురు గదులన్నీ తూర్పు ముఖం. ఆరున్నరకల్లా వెలుగు సూటిగా మంచం మీద పడుతుంది, పిల్లలు అప్పుడే లేచి కూర్చుంటారు, ఆ లోటు మధ్యాహ్నానికి పేచీగా బయటపడుతుంది. నాలుగు నల్ల చార్ట్ పేపర్లు, ఒక మాస్కింగ్ టేపు తీసుకెళ్లి కర్టెన్ సందుల్లో అద్దానికి అంటించండి. మాస్కింగ్ టేపు గుర్తు పెట్టదు, బ్రౌన్ టేపు అంటించారంటే హోటల్‌వాళ్లు ఊరుకోరు.

పడక నేల మీదే. ఎక్స్‌ట్రా బెడ్ అడిగి మంచాల మధ్యకాక గది చీకటి మూలలో వేయించండి. పెద్ద మంచాన్ని గోడకి జరిపి పాపని గోడవైపు పెట్టే పద్ధతి మంచిది కాదు. పరుపు జరిగి సందు ఏర్పడితే పాప అందులో ఇరుక్కుంటుంది. అరకులో నేల మంచులా ఉంటుంది, పరుపు కింద హోటల్ రగ్గు ఒకటి మడిచి పరవాలి. పరుపు పక్కన ప్లగ్ పాయింట్, టీపాయ్ కోణం, కర్టెన్ తాడు లేకుండా చూసుకోండి.

చలి: డిసెంబర్‌లో అరకులో రాత్రి 10 డిగ్రీల కన్నా తగ్గడం మామూలే, చాలా గదుల్లో హీటర్ ఉండదు. పాపకి బనియన్, దాని మీద ఫుల్ చేతుల కాటన్ చొక్కా, దాని మీద ఒక స్వెట్టర్, పాదాలకి సాక్సులు. వేడి సరిపోయిందో లేదో చేతులు ముట్టుకుని చూడకండి, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా, పొడిగా ఉంటే సరి, చెమట తగిలితే ఒక వరస తీసేయాలి. పిల్లలు ఏడ్చేది చలికేనని మనం ఇంకో రగ్గు కప్పుతాం, చాలాసార్లు వాళ్లకి ఉడుకెత్తి ఉంటుంది. పక్క వెచ్చబడాలంటే వేడినీళ్ల బ్యాగు పది నిమిషాలుంచి, పాపని పడుకోబెట్టే ముందు తీసేయండి. బయట చలిమంట బాగుంటుంది కానీ నిప్పులు, బొగ్గుల కుంపటి గదిలోకి ఎవరు తెచ్చినా ఒప్పుకోవద్దు. తలుపులు మూసిన గదిలో దాన్నుంచి వచ్చే విషవాయువు కంటికి కనపడకుండానే ప్రాణం తీస్తుంది.

ఇక వేళలు. ఒకటి రెండేళ్ల పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్లవాళ్లకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. యాత్రలో ముందు తెగ్గోసేది మధ్యాహ్నం నిద్రే. అలిసిపోతే రాత్రి బాగా పడుకుంటారనుకుంటాం, జరిగేది తిరగబడుతుంది. సమయం దాటితే ఒళ్లు ఉద్రేకానికి లోనై, నిద్ర రాక, తెల్లారి నాలుగింటికే లేస్తారు. పొద్దున విశాఖ నుంచి అరకు మీదుగా పోయే కిరండూల్ బండిలో వెళ్తే దారిలో డజన్లకొద్దీ సొరంగాలు, ప్రతి చీకటికీ బోగీ అంతా కేకలే. అందులో పాప నిద్రపోతుందని లెక్క వేసుకోవద్దు. అరకు చేరాక తిండి పెట్టి, ఒంటిగంట నుంచి మూడు దాకా గదిలో పడుకోబెట్టండి. బొర్రా గుహలు మర్నాటికి, పొద్దున పెట్టుకోండి.

డిసెంబర్‌లో అక్కడ ఐదున్నరకే చీకటి పడుతుంది, అది మీకు వరం. ఏడింటికి పెరుగన్నం, ఎనిమిదింటికి పక్క. హోటల్ భోజనం తొమ్మిది దాటితే గానీ రాదు, పెద్దవాళ్లు తర్వాత తినండి. బాబుకి కాఫీ మ్యూజియంలో కాఫీ చాక్లెట్లు మధ్యాహ్నం తర్వాత కొనిపెట్టొద్దు. గదిలోకి వెళ్లగానే, వెలుగుండగానే వాణ్ని చెయ్యి పట్టుకుని బాత్రూమ్, స్విచ్చి, తన పక్క, మీ పక్క చూపించండి. వాడికో చిన్న టార్చి ఇవ్వండి. రబ్బరు షీటు, దాని మీద పాత దుప్పటి, రెండు అదనపు నిక్కర్లు. పదిన్నరకి ఓసారి లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్లండి, తడిసినా వాడి ముందు ఆ మాటెత్తొద్దు.

కూకట్‌పల్లి_అమ్మ:

చివరిగా ఒకటి. తిరిగొచ్చాక ఉయ్యాల మళ్లీ కట్టాలా?

జోలపాట:

రాత్రికి కట్టకండి. పరుపు మీద పట్టిన నిద్ర నాలుగు రాత్రుల్లో గట్టిపడి ఉంటుంది, ఒక్కరోజు ఊపితే మళ్లీ మొదటికొస్తుంది. పగలు పేచీ పెడితే కొన్నాళ్లు కట్టొచ్చు, నేలకి జానెడు ఎత్తులో, కింద పరుపు వేసి. ఉయ్యాలలో లేచి నిలబడటం మొదలుపెట్టిన రోజున మాత్రం చీర విప్పేసి కొక్కేనికి మొక్కల కుండీ తగిలించండి.