పూగా లోయలోని తెల్లపొడి, మా కుంపటి దగ్గరి వెలిగారం ఒకటేనా?

కుంపటి (తిరుపతి) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో బంగారు పని చేస్తాను. మా తాత, మా నాయన, ఇప్పుడు నేను, ముగ్గురం ఒకే కొట్లో పని చేసినవాళ్ళం. నా చదువు పదో తరగతి వరకే. అందుకని తెలిసినవాళ్ళు కొంచెం విడమరిచి చెప్పండి.

మా పెద్దవాడు సైన్యంలో ఉన్నాడు, లద్దాఖ్‌లో డ్యూటీ. పోయిన వారం సెలవు మీద వచ్చాడు. రాత్రి అన్నాలు తిన్నాక ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. పూగా లోయ అంట, సముద్రమట్టానికి 4,400 మీటర్ల ఎత్తు. చుట్టూ చెట్టన్నది లేని బోడికొండలు. నడుమ నేలలోంచి ఆవిరి బుసబుసా లేస్తోంది, గుంటల్లో నీళ్ళు కుతకుత ఉడుకుతున్నాయి. ఆ గుంటల చుట్టూ నేలంతా ముగ్గు చల్లినట్టు తెల్లగా ఉంది. ఒకట్రెండు చోట్ల పసుపు ముద్దల్లాగా గంధకం కూడా కనిపించింది.

"నాయనా, ఆ తెల్లపొడి చూడగానే మన కొట్టు గుర్తొచ్చింది. అక్కడివాళ్ళు దాన్ని సుహాగా అన్నారు" అని, రుమాలులో కట్టి తెచ్చిన గుప్పెడు పొడి నా చేతిలో పెట్టాడు.

సుహాగా అంటే వెలిగారమే. ముప్పై ఏళ్ళుగా అది లేకుండా నాకు ఒక్క అతుకూ పడలేదు. గొలుసు కడియైనా, కమ్మ కాడైనా, టంకం పెట్టే ముందు వెలిగారం నీళ్ళలో అరగదీసి పూయాల్సిందే. బంకనాళంతో మంట ఊదగానే ముందు పేలాల్లాగా పొంగుతుంది, తర్వాత అణిగిపోయి గాజులాగా పరుచుకుంటుంది. అప్పుడే టంకం నీరులా పారుతుంది. ఇంత తెలుసు కానీ, అది ఎక్కడిదో ఒక్కరోజూ ఆలోచించలేదు. బజారులో పొట్లం కట్టి ఇస్తారు, తెచ్చుకుంటాం, అంతే.

మా తాత కాలం నాటి రేకు డబ్బా ఒకటి అటక మీద ఉంది. ఆ రాత్రే దింపి చూశాను. అందులో వెలిగారం, నవాసారం, పటిక, గంధకం, సురేకారం పొట్లాలు ఉన్నాయి. కిటికీ గూట్లో విడిగా ఒక గాజు సీసా కూడా ఉంది. తాత నాటువైద్యం కూడా చేసేవాడు. చిన్నప్పుడు ఆ సీసాలో ఎర్రటి రాళ్ళు చూసిన గుర్తు, కుంకుమపువ్వు రంగు. ఇప్పుడు చూస్తే పసుపుపచ్చ పొడి అయిపోయింది.

నా అనుమానాలు ఇవి. పూగా పొడి నిజంగా వెలిగారమేనా? అయితే భూమిలోని ఆవిరికీ దానికీ సంబంధం ఏమిటి? ఆ పొడితో టంకం పెట్టొచ్చా? డబ్బాలో మిగతావి కూడా అలాంటి చోట్లే పుడతాయా? సీసాలోని ఎర్రరాయి ఏమై ఉంటుంది?

రాతిసుత్తి (చిత్తూరు) జవాబు:

ఆచారి గారూ, నేను కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైర్ అయినవాణ్ణి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నిన్న రాత్రి మా ఆవిడకు కూడా చదివి వినిపించాను.

అవును, పూగాలో దొరికేది వెలిగారమే. తరతరాలుగా ఆ లోయ నుంచి వెలిగారం, గంధకం తవ్వి తీసేవాళ్ళు. సంస్కృతంలో దీన్ని టంకణం అంటారు. టిబెట్టు, లద్దాఖ్ వైపు నుంచి గొర్రెలు, మేకల వీపున మూటలు కట్టి కనుమలు దాటించేవాళ్ళు. ఒకప్పుడు ఐరోపా కంసాలులు కూడా ఆ వెలిగారం మీదే ఆధారపడ్డారు. అక్కడ దాన్ని టింకాల్ అన్నారు. మన టంకణమే వాళ్ళ నోట్లో అలా మారింది.

అదెలా పుడుతుందంటే, మంచు కరిగిన నీళ్ళు రాతి పగుళ్ళలోంచి కిందికి దిగుతాయి. హిమాలయాల దగ్గర భూమి పైపెంకులోని పెద్ద పలకలు ఒకదానితో ఒకటి ఒత్తుకుంటున్నాయి, అందుకే అక్కడ లోపలి వేడి పైకి దగ్గరగా ఉంది. ఆ వేడికి కాగిన నీరు చుట్టూ ఉన్న రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. వెలిగారానికి ఆధారం బోరాన్ అనే మూలకం, రాతిలో అది ఉండేది బహు తక్కువ. కానీ వేడినీరు తగిలితే తొందరగా రాయిని వదిలి నీటిలో కలుస్తుంది. ఆ నీరు పైకి తన్నుకొస్తుంది. మన ఊళ్ళో నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి, అంత ఎత్తున 85 దగ్గరే మరుగుతాయి. గాలి పొడి, వాన తక్కువ. నీరు ఆవిరైపోయి, అందులో కరిగి వచ్చిందంతా నేల మీద పేరుకుంటుంది. మీ అబ్బాయి చూసిన తెలుపు అదే. ఉప్పుమడిలో జరిగేది కూడా ఇదే పని, ఇక్కడ సముద్రానికి బదులు పాతాళం.

అయితే ఆ పొడిని అలాగే వాడకండి. అందులో మామూలు ఉప్పు, సోడా, సున్నం, గంధకం అన్నీ కలిసి ఉంటాయి. ఖాతాదారు బంగారం మీద అసలు వద్దు. శుభ్రం చేసే దారి ఉంది. మరిగే నీళ్ళలో పట్టినంత పొడి కరిగించి, వేడి మీదే గుడ్డలో వడకట్టి, కదపకుండా చల్లారనివ్వండి. వెలిగారం వేడినీటిలో బాగా కరుగుతుంది, చల్లనీటిలో కొంచెమే కరుగుతుంది. ఉప్పుకు ఆ తేడా దాదాపు లేదు. అందుకని చల్లారేకొద్దీ వెలిగారం పలుకులుగా విడిపోతుంది, ఉప్పు నీళ్ళలోనే ఉండిపోతుంది. వంటగిన్నెలో మాత్రం చేయకండి.

మీరు చెప్పిన ఆ గాజు గురించి ఒక మాట. మేము లేబొరేటరీలో పిల్లలకు నేర్పిన మొదటి పరీక్ష అదే. ప్లాటినం తీగ కొసన వెలిగారం కరిగిస్తే గాజుపూస అవుతుంది. దానికి లోహం ఉన్న రాతిపొడి అంటిస్తే పూస రంగు తిరుగుతుంది. రాగి అయితే వేడిగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, చల్లారాక నీలం. మీకు అతుకు పక్కన ఎప్పుడైనా నీలిరంగు పెచ్చు మిగిలిందా? బంగారంలో కలిపిన రాగి అది. మంటకు లోహం మీద పట్టే మురికి పొరను వెలిగారం కరిగించి తనలో కలుపుకుంటుంది, అందుకే టంకం పారుతుంది. మీరు ముప్పై ఏళ్ళుగా రసాయన పరీక్ష చేస్తున్నట్టే.

ఇప్పుడు మీ పొట్లంలో ఉన్నది పూగాది కాకపోవచ్చు. ఈనాడు లోకానికి వెలిగారం ఎక్కువగా టర్కీ, కాలిఫోర్నియా గనుల నుంచి వస్తోంది. ఆ గనులు ఒకప్పటి సరస్సులే. అగ్నిపర్వతాలున్న చోట వేడి ఊటలు ఆ సరస్సుల్లోకి బోరాన్ మోసుకొచ్చాయి.

ఇటలీలో లార్దెరెల్లో అనే ఊరు ఉంది. 1777లో అక్కడి ఆవిరి గుంటల్లో బోరిక్ ఆమ్లం (ఇదీ బోరాన్‌దే) ఉందని కనిపెట్టారు. 1818 నుంచి దాన్ని తయారు చేసి అమ్మారు. మొదట్లో నీళ్ళు ఇంకించడానికి అడవులు నరికి కట్టెలు కాల్చారు. తర్వాత ఆ భూమి ఆవిరితోనే కాచారు. 1904లో అదే ఆవిరితో ఐదు విద్యుత్ దీపాలు వెలిగించారు. భూమి లోపలి వేడితో కరెంటు పుట్టింది అక్కడే మొదలు. పూగాలో కూడా కరెంటు తీయాలని 2021లో ఓఎన్‌జీసీ లద్దాఖ్ యంత్రాంగంతో ఒప్పందం చేసుకుంది. మన తెలుగువాళ్ళ దగ్గరైతే గోదావరి పక్కన మణుగూరు ప్రాంతంలో వేడినీటి ఊటలు ఉన్నాయి.

ఇక డబ్బా. గంధకం తిన్నగా ఆవిరి నోళ్ళ దగ్గర పుడుతుంది. లోపలి నుంచి వచ్చే రెండు గంధకపు వాయువులు ఒకదానితో ఒకటి కలిస్తే పసుపు పలుకులు, నీరు మిగులుతాయి. నవాసారం ఇంకా చిత్రం. వేడి చేస్తే అది కరిగి ద్రవం కాదు, నేరుగా పొగై, చల్లని చోట తగలగానే మళ్ళీ గట్టిపడుతుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు నవాసారం చల్లితే తెల్లటి పొగ లేస్తుంది కదా, వెసూవియస్, ఎట్నా అగ్నిపర్వతాల పగుళ్ళలోనూ జరిగేది అదే. అంచుల మీద తెల్లగా పేరుకుంటుంది. సురేకారం మాత్రం ఈ కుటుంబం కాదు. అది పశువుల కొట్టాల మట్టిలో, పాత గోడల్లో ఊరేది.

కరక్కాయ (శ్రీకాళహస్తి) జవాబు:

అన్నా, మీ డబ్బాలో పటిక ఉందన్నారు కాబట్టి రాస్తున్నాను. మాది కలంకారీ పని. గుడ్డను కరక్కాయ, పాలల్లో నానబెట్టి ఆరేశాక, ఎరుపు రావాల్సిన చోటల్లా పటిక నీళ్ళు కలంతో పూస్తాం. పూసినప్పుడు ఏమీ కనిపించదు. తర్వాత రంగువేరు వేసిన నీళ్ళలో ఉడికిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు లేస్తుంది. చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని ఆ ఎరుపు లేవడం కోసం రెప్ప వేయకుండా చూసేదాన్ని. ఇప్పటికీ చూస్తాను.

పటిక కూడా ఆవిరికి పుట్టిందేనా అని నేనూ ఒకప్పుడు వెతికి చదివాను. పాతకాలపు పటిక చాలావరకు అలాంటిదే. గంధకం ఉన్న ఆవిరి గాలి తగిలి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం రాయిని తినేస్తుంది. రాయి తెల్లటి మెత్తటి మట్టిగా మారి, దాంతోపాటు పటిక జాతి ఖనిజాలు మిగులుతాయి. ఇటలీలో తోల్ఫా కొండల్లో అలాంటి రాయి 15వ శతాబ్దంలో బయటపడింది. అంతకుముందు అక్కడి రంగులవాళ్ళు టర్కీ వైపు నుంచి ఎక్కువ ధర పెట్టి పటిక కొనేవాళ్ళు. ఇప్పుడు మనం కొనే పటిక ఎక్కువగా ఫ్యాక్టరీలో బాక్సైటును ఆమ్లంలో వేసి చేసింది. పని మాత్రం రెండూ ఒకేలా చేస్తాయి, నేను వాడి చూసి చెబుతున్నాను.

నిమ్మగడ్డి (తిరుపతి) జవాబు:

అన్నా, నేను కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాను. మిగతా పొట్లాల సంగతి ఎలా ఉన్నా ఆ సీసా గురించి నాకు టెన్షన్‌గా ఉంది. దయచేసి మూత తీయకండి. మీరు చెప్పిన రంగును బట్టి చూస్తే అది మణిశిల అయి ఉండాలి. ఎర్రటి మణిశిల వెలుతురులో ఏళ్ళ తరబడి ఉంటే పసుపు పొడిగా రాలిపోతుంది. కిటికీ గూట్లో పెట్టారన్నారు, సరిగ్గా సరిపోయింది. మణిశిల, దాని చుట్టం తాళకం, రెండింటిలోనూ గంధకంతో కలిసి ఆర్సెనిక్ అనే విష మూలకం ఉంటుంది. పాషాణం ఆ జాతిదే.

ఇవి కూడా వేడి ఊటల సరుకే. న్యూజిలాండ్‌లో వైఒటాపు అనే చోట షాంపేన్ పూల్ అని ఒక వేడినీటి మడుగు ఉంది. దాని అంచు పొడవునా నారింజ రంగు పట్టీ ఉంటుంది. ఆర్సెనిక్, ఆంటిమొనీ అనే మూలకాలు గంధకంతో కలిసి పేరుకున్న రంగు అది. చూడటానికి ఎంత అందమో, ముట్టుకోవడానికి అంత ప్రమాదం.

సీసాను అలాగే మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఇంకో డబ్బాలో మూసి, పిల్లలకు అందకుండా పెట్టండి. కాలువలోనో చెత్తబుట్టలోనో వేయొద్దు. కాల్చడం అసలు వద్దు. దగ్గర్లోని యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో అడిగితే ఎలా వదిలించుకోవాలో చెబుతారు. ఆ గూడు తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కూడా అదే సంచిలో వేయండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

కుంపటి (తిరుపతి):

అందరికీ చేతులెత్తి దండం. చెల్లీ, సీసా నువ్వు చెప్పినట్టే మూసి ఇనప బీరువాలో పెట్టాను. సోమవారం నేనే యూనివర్సిటీకి వెళ్ళి అడుగుతాను. మా మనవరాలు ఆ గూట్లోనే బొమ్మలు పెట్టుకునేది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంది.

సార్, మీరు చెప్పినట్టు నిన్న సాయంత్రం చేశాను. పాత సత్తుగిన్నె ఒకటి ఈ పనికే కేటాయించి, పూగా పొడి కరిగించి, పంచెగుడ్డలో వడకట్టి, మధ్యలో ఒక నూలుదారం వేలాడదీసి మూతపెట్టాను. గుడ్డలో బూడిదరంగు మడ్డి చాలానే మిగిలింది. పొద్దున చూస్తే దారం పొడవునా పలుకులు కట్టాయి, బియ్యపు గింజంత, కొన్ని కందిబద్దంత. మావాడు, నేను ఇద్దరం చాలాసేపు మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాం.

ఒక పలుకు బొగ్గు మీద పెట్టి ఊదాను. పొంగింది. అణిగింది. పూస కట్టింది. నా పొట్లంలోదానికీ దీనికీ తేడా కనిపించలేదు. దాని మీద ఆకురాయితో రాకిన రాగి రజను రవ్వంత వేసి మళ్ళీ ఊదాను. వేడిలో ఆకుపచ్చ, చల్లారాక నీలం, మీరు రాసినట్టే. ఆ నీలం పెచ్చును ఎన్ని వేలసార్లు పటిక నీళ్ళలో వేసి కడిగి పారేశానో! అది రాగి అని మా నాయనకు తెలుసో లేదో, అడగడానికి ఆయన లేడు.

ఇంకొకటి అడగాలి సార్. పూగా వేడినీరు వెలిగారం మోసుకొస్తే, బంగారాన్ని కూడా ఏదైనా నీరే మోసుకొస్తుందా?

రాతిసుత్తి (చిత్తూరు):

మోసుకొస్తుంది ఆచారి గారూ, దానికి లద్దాఖ్ దాకా పోనక్కర్లేదు. మా చిత్తూరు జిల్లాలోనే కుప్పం దగ్గర చిగురుకుంట గని ఉంది. కోలారు బంగారం ఉన్న రాతిపట్టీకి అది దక్షిణపు కొస. 250 కోట్ల ఏళ్ళ కిందట లోతుల్లోంచి లేచిన వేడినీరు గంధకం తోడుతో బంగారాన్ని కరిగించుకుని, రాతి పగుళ్ళలో తెల్లటి పలుగురాయితో పాటు వదిలిపెట్టింది. 2001లో కోలారు గనులతో పాటు అదీ మూతపడింది. మూతపడక ముందు పిల్లల్ని తీసుకుని వెళ్ళేవాణ్ణి. అక్కడి పలుగురాయి ముక్క ఒకటి నా బల్ల మీద ఇప్పటికీ ఉంది, అందులో బంగారం కంటికి కనిపించదు.

శనివారం తిరుపతి వస్తున్నాను. ఆ ముక్క తెస్తాను, మీరు పూస చూపించండి. మీ అబ్బాయి సెలవు అప్పటికి అయిపోదు కదా?