కంది ఎండిపోయాక పసుపెక్కుతున్న శ్రీగంధం: ఇప్పుడు ఏ ఆతిథ్య మొక్క నాటాలి?

మా తోట ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గరగా ఉన్న ఎర్రనేల మెట్ట. శ్రీగంధం ఆకుపచ్చగా ఉండి తన ఆహారం తాను తయారుచేసుకున్నా, నీటిని, పోషకాలను పక్క మొక్కల వేళ్ల నుంచి కూడా లాక్కునే పాక్షిక పరాన్నజీవి కనుక, 2 ఏళ్ల క్రితం నాటిన 40 మొక్కల పక్కన ఆతిథ్య మొక్కగా కంది వేశాను. పుష్యమాసంలో కంది కోసి, మోళ్లు ఎండిన 3 వారాలకే 31 మొక్కల లేతాకులు పసుపెక్కి, కొమ్మల చివర్లు ఎండసాగాయి. 4 రోజులకొకసారి నీరు పెట్టాను. మొక్కకు 2 కిలోల చొప్పున వర్మీకంపోస్టు, ఆపైన వేపపిండి వేశాను. నెల గడిచినా మార్పు లేదు.

ఒక మొదలు దగ్గర తవ్వి చూస్తే, గంధపు వేరు చొక్కా గుండీల్లాంటి చిన్న బుడిపెలతో కంది వేరును పట్టుకొని ఉంది. గోటితో నొక్కగానే ఆ బుడిపెలు పొడిపొడిగా రాలాయి. గట్టు మీది పాత కానుగ చెట్టు పక్కనున్న 9 మొక్కలు మాత్రం, నీరు వాటికే తక్కువ అందుతున్నా, నిగనిగలాడుతున్నాయి. కాబట్టి లోపం ఎరువుది కాదని నా అభిప్రాయం.

మూడడుగుల ఎత్తున్న ఈ మొక్కలను వేసవి దాటించడానికి కానుగ, సరుగుడులలో దేనిని, మొదలుకు ఎన్ని అడుగుల దూరంలో నాటాలో, శ్రీగంధం స్వయంగా పెంచినవారు దయచేసి చెప్పగలరా?