కొత్తవారికి ఎక్కువ, సీనియర్లకు తక్కువ ఇంక్రిమెంటు: కౌంటరు దగ్గర మనసులు విరిగిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న (ఫ్లోర్ ఇన్‌ఛార్జి, విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను ఒక బట్టల షోరూములో చీరల ఫ్లోరుకు ఇన్‌ఛార్జిగా పనిచేస్తున్నాను. నా కింద పద్నాలుగు మంది ఉన్నారు. ఈ ఏప్రిల్ ఇంక్రిమెంట్లు హెడ్డాఫీసులో ఖరారై నేరుగా జీతాల్లో పడ్డాయి. ఎవరికి ఎంత పెంచుతున్నారో ముందు నన్ను అడగలేదు, తరువాత చెప్పనూ లేదు. అయితే జీతాలు పడిన రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకరి ఫోను ఒకరు చూసుకున్నారు, అందరికీ అన్నీ తెలిసిపోయాయి.

2017 నుంచి మా దగ్గర ఉన్న ఒక సీనియర్ సేల్స్ ఉద్యోగిని జీతం 15,200 నుంచి 15,800 అయింది. కిందటి దసరాకు ముందు 15,000కు చేరిన కుర్రాడికి ఇప్పుడు 16,200 వస్తోంది. అతనికి పని నేర్పింది ఆవిడే. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ కాటన్ చీర అడిగినవారికి కూడా నాలుగు రకాలు విప్పి, పమిట భుజాన వేసి చూపించే మనిషి, ఇప్పుడు అడిగిన చీర ఒక్కటే తీసి బల్ల మీద పెడుతున్నారు. మొన్న ఆ కుర్రాడు, "అక్కా, ఇది ధర్మవరమా, కంచా, ఎలా చెప్పాలి?" అని అడిగాడు. ఇదివరకైతే చీర తిరగేసి అంచూ పమిటా కలిసేచోట వేలు పెట్టి చూపించేవారు. ఈసారి, "ఇన్‌ఛార్జి గారిని అడుగు తమ్ముడూ" అని మడతలు పెట్టుకుంటూ ఉండిపోయారు.

హెడ్డాఫీసు చెప్పే కారణం అమ్మకాలు. బిల్లు చీటీ మీద ఎవరి కోడ్ ఉంటే అమ్మకం వారి ఖాతాలో పడుతుంది. అతను పట్టుచీరల కౌంటరులోనూ, ఆవిడ ఎక్కువగా కాటన్ వైపూ ఉంటారు కాబట్టి లెక్కలో అతనిదే పైచేయిగా కనిపిస్తుంది. ఆషాఢం సేల్, ఆ వెంటనే శ్రావణం వస్తున్నాయి. ఈలోపు ఆవిడతోపాటు మరో ఇద్దరు సీనియర్లు వేరే షోరూముకు వెళ్ళిపోతారేమోనని భయంగా ఉంది. జీతం పెంచే అధికారం నాకు లేదు. ఆవిడతో ఏమని మాట్లాడాలి? పైవారికి ఏమని రాయాలి?

జవాబు 1 (సూపర్‌మార్కెట్ స్టోర్ మేనేజరుగా రిటైరయ్యాను, హైదరాబాద్)

ముందుగా ఒక మనవి. "జీతాల సంగతి ఒకరికొకరు చెప్పుకోకూడదు" అని మాత్రం ఆవిడతో అనకండి. నేను ఒకసారి బిల్లింగ్ కౌంటరులో పనిచేసే అమ్మాయితో ఆ మాట అన్నాను. ఆమె వాదించలేదు, ఆ నెలాఖరుకు మానేసింది. తేడా ఉన్నదని ఒప్పుకోకుండా, ఆ తేడాను చూడడమే తప్పన్నట్టు మాట్లాడాననే బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఈ ఇబ్బందికి మూలం చాలావరకు చేరేటప్పటి జీతాల్లోనే ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ కనీస వేతనంలోని కరువు భత్యాన్ని ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో సవరిస్తారు. దానితో అడుగున ఉన్నవారి జీతం తప్పనిసరిగా పెరుగుతుంది. పక్కన కొత్త షోరూము తెరిస్తే కొత్తవారిని బజారు రేటుకే తీసుకోవలసి వస్తుంది. పాతవారి జీతం మాత్రం తాము చేరిన రోజున ఒప్పుకున్న తక్కువ మొత్తం మీద ఏటా నాలుగైదు వందల చొప్పున పాకుతూ వస్తుంది. కొన్నేళ్ళకు కింద నుంచి వచ్చిన నీరు పై మెట్టును తాకినట్టు, ఎనిమిదేళ్ళ అనుభవమూ ఎనిమిది నెలల అనుభవమూ ఒకే అంకె దగ్గర కలుస్తాయి. ఇందులో ఆ కుర్రాడి తప్పేమీ లేదని ఆవిడకు కూడా తెలుసు, అందుకే అతన్ని నిందించకుండా నేర్పడం ఒక్కటే మానుకున్నారు.

కాబట్టి హెడ్డాఫీసుకు రాసేటప్పుడు "మనోబలం తగ్గింది" అని రాస్తే సరిపోదు. పద్నాలుగు మందికీ చేరిన సంవత్సరం, చేరినప్పటి జీతం, ఇప్పటి జీతం ఒకే కాగితం మీద వరుసగా రాసి పంపండి. ఎక్కడెక్కడ జూనియర్ జీతం సీనియర్‌ను దాటిందో ఆ వరుసలే చెబుతాయి. అందరికీ పెంచమని అడగకుండా, దాటిన చోట్ల మాత్రం సర్వీసును బట్టి సరిచేయమని అడగండి. ఆ ఖర్చు చిన్నది కాబట్టి వినే అవకాశం ఉంటుంది.

జవాబు 2 (రెడీమేడ్ దుకాణంలో సేల్స్, వరంగల్)

నేను ఆవిడ స్థానంలో ఉన్న మనిషిని కాబట్టి రాస్తున్నాను. ఆరు వందలు తక్కువ వచ్చినందుకు కాదండీ ఆ బాధ. రోజుకు పది గంటలు నిలబడి, పండుగ రోజుల్లో అన్నం కూడా వంతులవారీగా తిని, మనం నేర్పిన పిల్లవాడి జీతం మనల్ని దాటిందని అన్నం గిన్నె ముందు కూర్చుని తెలుసుకోవడమే బాధ. మా ఇన్‌ఛార్జి గారు ఒక్కసారి పక్కకు పిలిచి, "ఇలా జరిగింది, నాకూ నచ్చలేదు, నేను రాస్తున్నాను" అని ఉంటే నాకు చాలా ఊరటగా ఉండేది.

కోడ్ సంగతి కూడా పట్టించుకోండి. మా దగ్గర గొడవలయ్యాక, చీటీ మీద చూపించినవారి కోడ్, బిల్లు చేయించినవారి కోడ్ రెండూ రాయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి కొత్తవారికి నేర్పడానికి ఎవరూ వెనుకాడడం లేదు.

జవాబు 3 (జీతాల లెక్కలు చూస్తాను, విశాఖపట్నం)

హెడ్డాఫీసువారు అంకెలనే నమ్మేవారైతే ఒక అధ్యయనం ఉపయోగపడుతుంది. 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అనే ఆర్థికశాస్త్ర పత్రికలో వచ్చింది. అమెరికాలోని ఒక పెద్ద రిటైల్ సంస్థ జీతాలను మెట్లవారీగా పెంచడంతో, అంతకుముందు గంటకు ఒక సెంటు తేడాలో ఉన్న ఉద్యోగుల మధ్య 10 సెంట్ల తేడా వచ్చిపడింది. తక్కువ పొందినవారు చెప్పుకోదగ్గ సంఖ్యలో మానేశారు. బయట ఇంకెక్కడో ఎక్కువ వస్తుందని కాకుండా, అదే దుకాణంలోని తోటివారి కంటే తమకు తగ్గిందన్నదే ముఖ్య కారణమని పరిశోధకులు తేల్చారు.

చట్టం విషయానికి వస్తే, అనుభవాన్నో అమ్మకాలనో బట్టి జీతంలో తేడా ఉండడం నేరం కాదు. కానీ ఒకే రకమైన పనికి స్త్రీ, పురుష భేదంతో తేడా చూపడాన్ని 1976 నాటి సమాన వేతన చట్టం నిషేధించింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ అనే చట్టంలోనూ ఆ నిషేధం ఉంది. మీ ఫ్లోరులో పట్టు కౌంటరు మగవారికీ, కాటన్ కౌంటరు ఆడవారికీ అలవాటుగా వెళుతోందేమో, ఇంక్రిమెంటు అక్కడి నుంచే తేడాగా మొదలవుతోందేమో ఒకసారి చూడండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. చివరి మాట చదివాక ఫిబ్రవరి, మార్చి డ్యూటీ రిజిస్టరు తీశాను. పెళ్ళిళ్ళ సీజనులో రద్దీ ఉన్న పదకొండు రోజులు ఆవిడను నేనే పట్టు కౌంటరుకు పంపాను. ఆ రోజుల చీటీల మీద ఆవిడ కోడ్ ఉన్నవి మూడే. చీర చూపించింది ఆవిడ, చీటీ రాసింది మరొకరు. ఆ లోపం నాది కూడా.

ఈ ఉదయం షట్టరు తీయకముందే ఆవిడతో కూర్చుని రిజిస్టరు చూపించాను. చాలాసేపు చూసి, "జీతం సంగతి మీ చేతిలో లేదని నాకు తెలుసండీ, ఈ పదకొండు రోజుల సంగతి మాత్రం రాయండి" అన్నారు. పద్నాలుగు మంది వివరాల కాగితంతోపాటు అది కూడా జతచేసి మధ్యాహ్నమే పంపాను. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.