రెండో ఓపెన్ మైక్‌లో ఒక్కరూ నవ్వలేదు. మూడోసారి వెళ్ళాలా, మానాలా?

మ్యూట్ బటన్:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

నాకు 27 ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. నలుగురిలో నోరు విప్పాలంటే చచ్చేంత భయం. మీటింగులో నా వంతు దగ్గరపడుతోందంటే నాకు ముందు ముగ్గురు ఏం మాట్లాడారో కూడా వినిపించదు. చెప్పాల్సిన రెండు ముక్కలూ లోపల వల్లె వేసుకుంటూ ఉంటాను. తీరా వంతు వచ్చాక "నాది కూడా సేమ్" అనేసి ఊరుకుంటాను. మొన్న నేను పట్టుకున్న బగ్‌ని పక్క సీటతను తను పట్టుకున్నట్టు చెప్పుకున్నాడు. దానికి కూడా "సేమ్" అన్నాను.

కామెడీ ఓపెన్ మైక్‌కి (ఎవరైనా స్టేజీ ఎక్కి కాసేపు జోకులు చెప్పే కార్యక్రమం) వెళ్తే భయం పోతుందని ఒక ఫ్రెండ్ పోరు పెడితే రెండు నెలల కింద వెళ్ళాను. నాలుగు నిమిషాల స్లాట్. గొంతు వణికింది కానీ ఆఖరి జోకు పేలింది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. పోయిన వారం రెండోసారి వెళ్ళి అవే జోకులు, అదే వరసలో చెప్పాను. ఒక్కరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకాయన నోరంతా తెరిచి ఆవులించాడు. రెండు నిమిషాలకే "అంతేనండి" అని దిగిపోయాను. మైకు స్టాండులో పెట్టడం మరచిపోయి చేత్తో పట్టుకునే నా కుర్చీ వైపు నడిచాను. వైరు బిగుసుకుని వెనక్కి లాగేదాకా తెలియలేదు. దానికి మాత్రం అందరూ నవ్వారు.

పేలిన జోకు ఇది: "మీటింగుల్లో నేను ఎంత సైలెంటుగా ఉంటానంటే, ఆన్‌లైన్ మీటింగులో మా మేనేజర్ నా నెట్ పోయిందేమోనని అడిగితే, పోయిందని నేనే సమాధానం చెప్పానని తర్వాత గుర్తొచ్చింది."

నిజంగా దీనితో ధైర్యం వస్తుందా? లేక ఉన్న కాస్త కూడా పోతుందా? ఆఫీసులో అయితే నాకు ఇంకా ఏ మార్పూ కనిపించలేదు.

చివరి వరస:

బ్రో, ఆ వైరు సంగతే మూడోసారి మొదటి జోకుగా చెప్పు. అంతకన్నా మంచి ఎంట్రీ నీకు దొరకదు.

అమెరికాలో పేరున్న కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డ్ అంతటివాడు 1976లో న్యూయార్క్‌లో మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు రాసుకున్నదంతా మరచిపోయి, టాపిక్‌ల పేర్లు మాత్రం ఒకటి తర్వాత ఒకటి చెప్పి దిగిపోయాడట. ఆయనే చెప్పుకున్నాడు. నువ్వు కనీసం వాక్యాలు చెప్పావు.

ఇంకొకటి. స్టేజీ ఎక్కే ముందు "టెన్షన్ లేదు, టెన్షన్ లేదు" అని జపం చేయకు. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ 2014లో ఒక పరిశోధన ప్రచురించింది. పాట పాడే ముందు, ఉపన్యాసం ఇచ్చే ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అనుకున్నవాళ్ళు బాగా చేశారట. గుండె దడ రెండిటికీ ఒకటే కదా, పేరు మార్చడమే. ట్రై చేయి.

రూళ్ళ నోట్‌బుక్:

మ్యూట్ బటన్ గారూ, నాకు 43 ఏళ్ళు. అకౌంట్స్ పని. మూడేళ్ళుగా ఓపెన్ మైక్‌లకి వెళ్తున్నాను. ప్రొఫెషనల్‌ని కాను, అవ్వాలని కూడా లేదు. లెక్క రాయడం మా వృత్తి జబ్బు కాబట్టి ప్రతి సెట్‌కీ (అంటే స్టేజీ ఎక్కి జోకులు చెప్పిన ప్రతిసారికీ) నోట్‌బుక్‌లో ఒక పేజీ ఉంది. ఇప్పటికి 61 సార్లు. అందులో బాగా నవ్వినవి 17, అటూ ఇటూ కానివి 20, చప్పబడిపోయినవి 24. మీకు రెండింట్లో ఒకటి పేలింది. నా స్కోరు అంత బాగా లేదు.

పై తమ్ముడు చెప్పిన ఉత్సాహం మంత్రం నాకు పని చేయలేదు. "ఉత్సాహంగా ఉంది" అనుకుంటూ రెండుసార్లు బాత్‌రూమ్‌కి పరిగెత్తాను. 61వ సారి కూడా పరిగెత్తాను. భయం పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

నా మొదటి సెట్ సంగతి చెప్తాను. నాకు ముందు ఎక్కినతను ఆరడుగుల మనిషి. స్టాండు అతని నోటి ఎత్తులో ఉంది. దాన్ని దించడానికి ఒక పిడి ఉంటుందని నాకు తెలియదు. మూడు నిమిషాలూ గడ్డం పైకెత్తి, సీలింగు ఫ్యాన్‌కి ఫిర్యాదు చేస్తున్నట్టు మాట్లాడాను. ఇంటికెళ్ళి మెడకి మందు రాసుకున్నాను. తర్వాత ఒక సీనియర్ కుర్రాడు చూపించాడు: ఎక్కగానే మైకు స్టాండులోంచి తీసి, ఖాళీ స్టాండుని వెనక్కి జరిపి, అప్పుడు మొదలుపెట్టాలి. అంతే. కానీ ఆ నాలుగు సెకన్లు చేతులకి ఒక పని దొరుకుతుంది, శ్వాస కూడా కుదుటపడుతుంది.

ఇప్పుడు మీ రెండో సెట్. అవే జోకులు ఎందుకు పేలలేదో మీరు చెప్పినదాన్ని బట్టి నాకు కొన్ని అనుమానాలున్నాయి.

ఆ రోజు ఎంతమంది ఉన్నారు, ఎలా కూర్చున్నారు? పది మంది పది మూలల్లో కూర్చుంటే దేవుడొచ్చినా నవ్వించలేడు. నవ్వు అంటువ్యాధి లాంటిది. ఒంటరిగా ఉన్నప్పటికన్నా ఇతరుల మధ్య ఉన్నప్పుడు మనుషులు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతారని రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త లెక్క తేల్చాడు. పైగా ఓపెన్ మైక్‌లో వినేవాళ్ళలో చాలామంది తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్ళే. మీ మీటింగులో మీరు చేసేదే వాళ్ళూ అక్కడ చేస్తున్నారు. వాళ్ళకి మీ జోకు వినపడితే కదా!

తర్వాత మైకు. భయం వేసినకొద్దీ చెయ్యి కిందికి జారుతుంది. గడ్డం దగ్గర మొదలైన మైకు రెండో జోకుకి గుండెల మీదికి వస్తుంది. గొంతు అందదు. జోకు బాగా లేదని మనం అనుకుంటాం. అసలు వాళ్ళకి వినపడి ఉండదు.

అన్నిటికన్నా పెద్ద పాఠం నాకు ఫోన్ రికార్డింగ్ నేర్పింది. ఐదో సెట్ రికార్డు చేసి మూడు రోజులు వినడానికి మనసొప్పలేదు. విన్నాక తెలిసింది: పంచ్ చెప్పీ చెప్పగానే తర్వాతి వాక్యం మొదలుపెట్టేస్తున్నాను. రెండు చోట్ల జనం నవ్వబోయారు కూడా. "హ" అని మొదలైంది. నా గొంతు వినగానే మర్యాదగా ఆపేశారు. నా నవ్వుల్ని నేనే తొక్కేశాను. అప్పటినుంచి పంచ్ తర్వాత నోరు మూసుకుని మనసులో "ఒకటి, రెండు" అని లెక్కపెడతాను. చదవడానికి సులువుగా ఉంది కదా? స్టేజీ మీద ఆ రెండు అంకెల మధ్య ఒక జన్మ గడుస్తుంది.

మీ జోకు గురించి కూడా ఒక మాట. జోకు మంచిదే, కూర్పు బాగా లేదు. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి నవ్వు పుట్టించే ముక్క మధ్యలో ఇరుక్కుపోతుంది. మీ వాక్యంలో అసలు సరుకు "పోయిందని నేనే సమాధానం చెప్పాను". దాని వెనక "అని తర్వాత గుర్తొచ్చింది" అని తోక తగిలించారు. జనం నవ్వాలా, వాక్యం అయ్యేదాకా ఆగాలా? మాటని మాటగానే చెప్పేయండి:

"మా మేనేజర్ అడిగాడు, 'ఏంటి, మీ నెట్ పోయిందా?' నేనన్నాను, 'పోయింది సార్.'"

అక్కడ ఆగిపోండి. ఒకటి, రెండు.

ధైర్యం సంగతి అడిగారు. మొదటి ఇరవై సార్లకి ఆఫీసులో నాకూ ఏ మార్పూ రాలేదు. తొమ్మిదో సెట్‌లో మాత్రం ఒకటి జరిగింది. నాలుగు నిమిషాల్లో ఒక్క నవ్వు లేదు. మీలాగే దిగిపోవాలనిపించింది. కానీ ఆ రోజు మొండితనం వచ్చి, లైటు పడేదాకా ఉన్నాను (చివరి నిమిషంలో వెనకనుంచి హోస్ట్ ఫోన్ టార్చ్ చూపిస్తారు కదా, అది). దిగి నీళ్ళు తాగాను. నా తర్వాత ఎక్కినతను మొదలుపెట్టాడు. నా సెట్ గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టనూ లేదు, జాలి పడనూ లేదు. ఇంతేనా అనిపించింది. నిజం చెప్పాలంటే కొంచెం అవమానంగా కూడా అనిపించింది, అంత ఘోరంగా ఫ్లాపయితే ఎవరికీ గుర్తుండకపోవడమేమిటని!

అది ఆఫీసుకి చేరడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆడిట్ మీటింగులో ఒక పెద్దాయన ఏదో అంకె గబగబా చదివేసి ముందుకి వెళ్ళిపోతుంటే, "సార్, ఈ అంకె ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు" అన్నాను. గదంతా నిశ్శబ్దం. పాత నేనైతే వెంటనే "పర్లేదు సార్, తర్వాత చూసుకుంటాను" అని ఆ గోతిని పూడ్చేసేదాన్ని. ఈసారి ఒకటి, రెండు లెక్కపెట్టాను. ఆరు దాకా వెళ్ళింది. ఆయన కళ్ళజోడు తీసి "ఏదమ్మా?" అని కాగితం దగ్గరికి లాక్కున్నారు.

నాలుగు నిమిషాల స్లాట్ అయితే నాలుగు నిమిషాలూ ఉండండి. నవ్వినా, నవ్వకపోయినా. రెండో నిమిషంలో దిగిపోతే, మిగతా రెండు నిమిషాల్లో ఏదో ఘోరం జరిగి ఉండేదని మీ మనసు నమ్మేస్తుంది.

దిగిపోయినవాడు:

నోట్‌బుక్ గారు చెప్పినవన్నీ నిజమే కానీ నాది ఇంకో కథ. 40 సార్లకి పైగా చేశాను. స్టేజీ మీద రెండొందల మంది ముందు గొంతు వణకదు. మా బాస్‌ని సెలవు అడగాలంటే ఇప్పటికీ మెసేజే పెడతాను. స్టేజీ మీద మైకు మన చేతిలో ఉంటుంది, ఎదుటివాళ్ళు అడ్డం రాకూడదన్న నియమం ఉంటుంది. ఆఫీసులో ఆ రెండూ ఉండవు. కాబట్టి మీటింగు భయానికి మీటింగులోనే విడిగా కుస్తీ పట్టాలి. వారానికి ఒక్క ప్రశ్న అడగడం, అలాంటివి.

ఇంకో జాగ్రత్త. బగ్ విషయంలాంటిది ఇంకా మండుతూ ఉంటే దాని మీద జోకులు వేయకండి. నేను పచ్చి గాయం ఒకటి స్టేజీ మీద విప్పి, జనం నవ్వకపోతే రెండుసార్లు దెబ్బ తిన్నాను. అందుకే ఏడాది మానేశాను.

ఆవులించినాయన గురించి ఎక్కువ ఆలోచించకండి. 2000లో థామస్ గిలోవిచ్ అనే అమెరికన్ సైకాలజిస్టు బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. విద్యార్థులకి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి నలుగురున్న గదిలోకి పంపారు. సగం మంది గమనించి ఉంటారని వాళ్ళు అనుకున్నారు. గమనించింది నాలుగోవంతు. మన టీషర్టు మనకే పెద్దగా కనిపిస్తుంది.

మ్యూట్ బటన్:

అక్కా (అలా పిలవొచ్చు కదా?), ఒక్క డౌటు. ఒకటి రెండు లెక్కపెట్టాక కూడా నవ్వు రాకపోతే ఏం చేయాలి?

రూళ్ళ నోట్‌బుక్:

పిలవండి, తప్పేముంది. నవ్వు రాకపోతే తర్వాతి జోకుకి వెళ్ళిపోవడమే. "ఇది మా ఇంట్లో పేలిందండి" లాంటివి ఒకసారి పని చేస్తాయి, రెండోసారి చేయవు. జనాన్ని మాత్రం తిట్టొద్దు. నేను ఒకసారి తిట్టాను. ఆ పేజీ చింపేశాను.

మ్యూట్ బటన్:

మూడు వారాల తర్వాత అప్‌డేట్.

వెళ్ళాను. వైరు జోకుతో మొదలుపెట్టాను, నవ్వారు. "పోయింది సార్" దగ్గర ఆగాను. ఒకటి దాకానే లెక్కపెట్టగలిగాను, నవ్వు వచ్చేసింది. తర్వాత నిమిషంన్నర ఎడారి. కాళ్ళు వణికాయి కానీ లైటు పడేదాకా నిలబడ్డాను. మైకు స్టాండులో పెట్టే దిగాను.

ఆఫీసులో సోమవారం మళ్ళీ "సేమ్" అన్నాను. గురువారం "సేమ్, ఇంకో చిన్న విషయం" అన్నాను.

ఇంకో సంగతి. ఆ ఆవులించినాయన ఈసారీ వచ్చాడు. నా తర్వాతి స్లాట్ ఆయనదే. ఐదు నిమిషాల సెట్ మొత్తం ఆయన నైట్ షిఫ్ట్ గురించే.